ప్యాకింగ్ డిజైన్‌లో ఎల్‌సీఏ ఎలా వాడుకోవాలి: తూకం దగ్గర మొదలుపెట్టండి

"పర్యావరణానికి మేలు చేసే ప్యాకింగ్ కావాలి" అని పైనుంచి మాట రాగానే చాలామంది చేసే మొదటి పని ప్లాస్టిక్ తీసేసి కాగితం పెట్టడం. కొన్నిసార్లు అది సరైన పనే అవుతుంది. మరికొన్నిసార్లు బరువు మూడింతలవుతుంది, తేమకి లోపలి సరుకు పాడవుతుంది, కాగితానికి పూసిన ప్లాస్టిక్ పొర వల్ల రీసైక్లింగూ కుదరదు. చివరికి పాతదే నయం అనిపిస్తుంది. ఏది ఎప్పుడు మంచిదో కంటితో చూసి చెప్పలేం. లెక్క వేయాలి. ఆ లెక్కనే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్, పొట్టిగా ఎల్‌సీఏ అంటారు. ముడిసరుకు తవ్వి తీయడం దగ్గర్నుంచి ఖాళీ డబ్బా చెత్తలోకో రీసైక్లింగ్‌కో చేరేదాకా ఎంత ఇంధనం, ఎంత నీరు, ఎంత కాలుష్యం అన్నది వరసగా కూడటమే ఇందులో పని.

ఈ పద్ధతి పుట్టిందే ప్యాకింగ్ కోసం. 1969లో కోకాకోలా కంపెనీ తన సీసాలు, డబ్బాల్లో ఏది ఎంత వనరులు తింటుందో పోల్చమని అమెరికాలోని మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ని అడిగింది. ఈ రంగంలో తొలి అధ్యయనాల్లో అదొకటి. ఇప్పుడు ఐఎస్ఓ 14040, 14044 అనే అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి, రెండింటి ఇప్పటి కూర్పూ 2006 నాటిది. వాటి ప్రకారం పని నాలుగు దశల్లో నడుస్తుంది: లక్ష్యం, పరిధి తేల్చుకోవడం; వివరాలు సేకరించడం; ప్రభావాలు లెక్కకట్టడం; ఫలితాన్ని అర్థం చేసుకోవడం. నేను కింద చెప్పే క్రమం వాటిని అనుసరించేదే. కాకపోతే ఆడిటర్ కోసం కాకుండా, బొమ్మ గీసే డిజైనర్ కోసం చెబుతున్నాను.

ఒక్క మాట ముందే. సీసా అచ్చు చెక్కించకముందే ఎల్‌సీఏ చేయండి. అచ్చు తయారై, ఫిల్లింగ్ లైన్ బిగించాక చేసిన ఎల్‌సీఏ ఎంత గొప్పదైనా రిపోర్టుగా మిగిలిపోతుంది, మార్చడానికి ఏమీ ఉండదు. తొలి స్కెచ్ దగ్గర ఎక్సెల్‌లో వేసిన ముతక లెక్కే ఎక్కువ మేలు చేస్తుంది.

1. ఏ నిర్ణయం కోసం చేస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

"మా ప్యాకింగ్ పర్యావరణ ప్రభావం తెలుసుకోవడం" అని రాస్తే పని ఎప్పటికీ తెమలదు. "పంపు సీసా కొనసాగించాలా, రీఫిల్ పౌచ్‌కి మారాలా" అని రాయండి. అప్పుడు ఏ వివరం అవసరమో, ఏది అనవసరమో వెంటనే తేలుతుంది.

ఫలితాన్ని బయట చెప్పుకుంటారా లేదా అన్నదీ ఇక్కడే తేల్చుకోండి. "పోటీ ప్యాక్ కన్నా మాది మెరుగు" అని జనం ముందు చెప్పాలనుకుంటే ఐఎస్ఓ 14044 ప్రకారం సంబంధిత పక్షాలతో కూడిన నిపుణుల కమిటీ ఆ అధ్యయనాన్ని సమీక్షించాలి. రకరకాల ప్రభావాలకి మార్కులు వేసి ఒకే అంకెగా కలిపేయడం కూడా అలాంటి ప్రకటనల్లో కుదరదు. లోపలి నిర్ణయానికైతే ఇంత తతంగం అక్కర్లేదు, నిజాయతీగా వేసిన లెక్క చాలు.

2. పోలిక దేనితో దేనికి? ఫంక్షనల్ యూనిట్ తేల్చండి

మొత్తం పనిలో ఎక్కువసేపు కూర్చోవాల్సిన చోటు ఇదే. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడినా ఫలితం తప్పే.

"ఒక సీసాకి ఒక పౌచ్" అని పోల్చకూడదు. "ఒక కిలో ప్లాస్టిక్‌కి ఒక కిలో గాజు" అని అసలే పోల్చకూడదు. కిలోల లెక్కన చూస్తే గాజు తక్కువ కార్బన్‌తోనే తయారవుతుంది (ఇక్కడ కార్బన్ అంటే వాతావరణాన్ని వేడెక్కించే వాయువులన్నీ కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చినది). కానీ అదే ద్రవాన్ని పట్టడానికి గాజు సీసా ప్లాస్టిక్ సీసా కన్నా ఎన్నో రెట్లు బరువుంటుంది. ప్యాకింగ్ పని సరుకుని పాడవకుండా వాడేవాళ్ల చేతికి చేర్చడం. కాబట్టి కొలత ఆ పనికే పెట్టండి, ఫంక్షనల్ యూనిట్ అంటే ఆ కొలతే: "1000 లీటర్ల ద్రవ సబ్బు వాడకందారు చేతిలో నిజంగా వాడుకలోకి రావడం". ఇందులో "నిజంగా వాడుకలోకి రావడం" అన్న ముక్క చాలా ముఖ్యం. ఎందుకో 5వ అడుగులో అంకెలతో చూపిస్తాను.

3. గీత ఎక్కడ గీయాలి

కాగితం మీద పెట్టెలు, బాణాలు గీయండి. ముడిసరుకు, ప్యాకింగ్ తయారీ, ఫిల్లింగ్, రవాణా, అమ్మకం, వాడకం, ఆ తర్వాత. ఏ పెట్టె లోపల, ఏది బయట అన్నది గుర్తు పెట్టండి. రెండు డిజైన్లలోనూ అచ్చం ఒకేలా ఉండే దశని పోలికలోంచి తీసేయవచ్చు. ఒకేలా "ఉంటుందనుకున్న" దశని మాత్రం తీయకండి.

తరచుగా వదిలేసేవి: లేబుల్, గమ్, మూత లోపలి సీలు, బయటి అట్టపెట్టె, ష్రింక్ ఫిల్మ్, ప్యాలెట్‌కి (పెట్టెలు పేర్చే బల్లకి) చుట్టే స్ట్రెచ్ ఫిల్మ్. సీసా పలచబడిందని సంబరపడేలోపు, అది నొక్కుకుపోకుండా అట్టపెట్టె మందం పెంచాల్సి వస్తుంది. చేతిలో పట్టుకునే ప్యాక్, పెట్టె, ప్యాలెట్ మూడూ కలిపి చూస్తేనే అది బయటపడుతుంది.

4. వివరాలు పోగెయ్యండి

ఒక మంచి డిజిటల్ కాటా తెచ్చుకోండి. ప్యాక్‌ని విడదీసి ఒక్కో భాగాన్ని విడిగా తూచండి. సీసా వేరు, మూత వేరు, లేబుల్ వేరు. డ్రాయింగ్‌లో రాసిన బరువుకీ చేతిలో ఉన్నదానికీ తేడా వస్తూ ఉంటుంది, అందుకని పది నమూనాలు తూచి సగటు తీసుకోండి. మామూలు పంపు మూతను విప్పి చూడండి: రెండు మూడు రకాల ప్లాస్టిక్, ఒక స్టీలు స్ప్రింగు, చాలాసార్లు ఒక చిన్న గాజు గోళీ లేదా స్టీలు గోళీ. సీసా రీసైక్లింగ్‌కి పనికొచ్చేదే అయినా ఈ మూత పనికిరాదని ఆ క్షణంలోనే అర్థమవుతుంది.

తర్వాత సప్లయర్‌ని అడగాల్సినవి. ఏ రెజిన్ (ప్లాస్టిక్ ముడిసరుకు), ఏ గ్రేడు? రీసైకిల్ చేసిన వాటా ఎంత, అది వాడకందార్ల దగ్గర్నుంచి తిరిగొచ్చిందా, ఫ్యాక్టరీ తునకలా? ఫ్యాక్టరీ కరెంటు ఎక్కడిది? తయారీలో ఎంత వృథా పోతుంది? ఈ చివరి ప్రశ్నని గట్టిగా అడగండి. షీటు వేడిచేసి ట్రేలు నొక్కే పద్ధతిలో ట్రేలు కోశాక మిగిలే జాలీ తక్కువేమీ కాదు. అది తిరిగి మెషీన్‌లోకి వెళ్తుందా, బయట పారేస్తారా అన్నదాన్నిబట్టి లెక్క మారుతుంది.

సప్లయర్ దగ్గర లేని వివరాలకి డేటాబేసులు ఉన్నాయి. స్విట్జర్లాండ్‌కి చెందిన ఎకోఇన్వెంట్ అందరూ ఎక్కువగా వాడేది, దానికి లైసెన్సు కొనాలి. సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్‌ఎల్‌సీఏ ఉచితం, నేర్చుకోవడానికి అది చాలు. సిమాప్రో లాంటివి డబ్బు పెట్టి కొనాల్సినవి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లకి బ్రైట్‌వే ఉంది. ఏది వాడినా డేటా ఏ దేశానిదో, ఏ ఏటిదో చూడండి. అల్యూమినియంలో ఇది మరీ ముఖ్యం. ఖనిజం నుంచి కిలో లోహం తీయడంలో ఒక్క కరిగించే దశకే దాదాపు 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పడుతుంది. ఆ కరెంటు బొగ్గుదా, జలవిద్యుత్తా అన్నదాన్నిబట్టి కార్బన్ లెక్క ఎంతో తేడా వస్తుంది.

ప్రతి అంకె పక్కన ఒక గుర్తు పెట్టుకోండి: తూచింది, సప్లయర్ చెప్పింది, డేటాబేస్‌లోది, ఊహించింది. చివర్లో ఏ అంకెను మళ్లీ తవ్వాలో ఈ గుర్తులే చెబుతాయి.

5. ముతక లెక్క వేయండి

పైన అనుకున్న 1000 లీటర్ల సబ్బునే తీసుకుందాం. ఈ అంకెలు లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి నేను అనుకున్నవి. మీ వస్తువుకి మీ అంకెలు వేసుకోండి.

మొదటి డిజైన్: అర లీటరు సీసా 30 గ్రాములు, పంపు 20 గ్రాములు. కిలో ప్యాకింగ్‌కి 2.5 కిలోల కార్బన్ అనుకుందాం. సీసా అడుగున 1 శాతం సబ్బు మిగిలిపోతుంది. రెండో డిజైన్: లీటరు రీఫిల్ పౌచ్ 20 గ్రాములు, పొరలు ఎక్కువ కాబట్టి కిలోకి 3 కిలోల కార్బన్. పౌచ్ కొన్నవాళ్ల దగ్గర పంపు సీసా ఎలాగూ ఉండాలి, అందుకని ప్రతి 10 పౌచ్‌లకి ఒక సీసా కూడా ఈ లెక్కలోనే వేద్దాం. సబ్బు తయారీకి లీటరుకి 1.5 కిలోల కార్బన్ అనుకుందాం.

సీసాల దారిలో 1000 లీటర్లు వాడుకలోకి రావాలంటే 1010 లీటర్లు నింపాలి. ప్యాకింగ్ దాదాపు 101 కిలోలు, దాని కార్బన్ 253 కిలోలు. వృథా అయిన సబ్బు మరో 15. మొత్తం 268.

పౌచ్ మూలల్లో 5 శాతం సబ్బు ఇరుక్కుపోయిందనుకుందాం. 1053 లీటర్లు నింపాలి. పౌచ్‌ల కార్బన్ 63, సీసాల వాటా 13, వృథా సబ్బుది 79. మొత్తం 155. పౌచ్ గెలిచింది. కానీ చూడండి, ఇందులో పౌచ్‌ల వాటా కన్నా మూలల్లో ఇరుక్కున్న సబ్బు వాటానే ఎక్కువ.

ఇప్పుడు ఆ 5 శాతాన్ని 15 చేయండి. మొత్తం 350కి ఎగబాకుతుంది, సీసానే మెరుగని తేలుతుంది. ఎక్కడ తిరగబడుతోందని వెతికితే సుమారు 11 శాతం దగ్గర. అంటే ఈ డిజైనర్ ముందున్న అసలు సమస్య పౌచ్‌ని ఇంకో గ్రాము పలచన చేయడం కాదు, మూతి ఆకారం, మూలల వంపు మార్చి సబ్బు చివరి చుక్కదాకా జారేలా చేయడం. ఎల్‌సీఏ డిజైనర్‌కి ఇచ్చే విలువైన సమాచారం ఇలాంటిదే. ఫలానాది గెలిచిందన్న తీర్పు కన్నా, చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపడం ముఖ్యం.

చాలా వస్తువుల్లో లోపలి సరుకు కార్బన్ ప్యాకింగ్ కార్బన్ కన్నా ఎక్కువ. కాబట్టి ప్యాకింగ్ తగ్గించబోయి సరుకు పాడుచేసే మార్పు ఏదైనా అనుమానించాల్సిందే. లోపల మిగిలేది, రవాణాలో పగిలేది, గడువు దాటేది అంకెలుగా మీ దగ్గర లేకపోతే ముందు వాటిని కొలవండి. ఖాళీ అయిందని పారేసిన పౌచ్‌ని తూచడానికి రెండు నిమిషాలు పడుతుంది.

6. రవాణాలో గాలిని మోస్తున్నారేమో చూడండి

డేటాబేసులు రవాణాని టన్ను-కిలోమీటర్లలో అడుగుతాయి. ప్యాకింగ్ విషయంలో ఇది తరచూ దారి తప్పిస్తుంది. ఖాళీ సీసాల లారీ బరువుతో నిండదు, చోటుతో నిండుతుంది. కాబట్టి లారీలో ఎన్ని సీసాలు పడతాయో లెక్కపెట్టి, లారీ మొత్తం ఇంధనాన్ని ఆ సంఖ్యతో భాగించండి. పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసే సీసాలని ప్రీఫార్మ్ రూపంలో, అంటే చిన్న గొట్టాల్లా పంపి, ఫిల్లింగ్ చేసేచోటే ఊదించడం అందుకే లాభం. నిండు సీసాల విషయంలోనూ గుండ్రటి భుజాలు తీసి కాస్త చతురస్రంగా చేస్తే ప్యాలెట్‌లో ఎక్కువ పడతాయి.

7. పారేశాక ఏమవుతుంది: అన్నిటికన్నా గొడవ ఇక్కడే

"నూటికి నూరు శాతం రీసైక్లింగ్‌కి అనువైనది" అన్న మాటను లెక్కలోకి అలాగే తీసుకోకండి. మీ సరుకు అమ్ముడయ్యే చోట నిజంగా ఎంత శాతం సేకరిస్తున్నారు, ఎంత వేరుచేస్తున్నారు అన్నదే పెట్టాలి. కార్బన్ బ్లాక్ రంగు వేసిన నల్ల ప్లాస్టిక్‌ని వేరుచేసే యంత్రాల ఇన్‌ఫ్రారెడ్ కళ్లు గుర్తుపట్టలేవు. సీసా మొత్తాన్ని వేరే ప్లాస్టిక్ స్లీవ్‌తో కప్పితే యంత్రం లోపలి సీసాని కాకుండా స్లీవ్‌ని చూసి పొరబడుతుంది. ఇవన్నీ డిజైనర్ చేతిలో ఉన్న విషయాలే.

రీసైక్లింగ్ లాభం ఎవరి ఖాతాలో వేయాలన్నది మరో చిక్కు. ఒక పద్ధతిలో రీసైకిల్ చేసిన ముడిసరుకు వాడినవాళ్లకే లాభం. ఇంకో పద్ధతిలో రీసైక్లింగ్‌కి పంపినవాళ్లకి లాభం. యూరోపియన్ కమిషన్ ఎల్‌సీఏ విధానంలోని సర్క్యులర్ ఫుట్‌ప్రింట్ ఫార్ములా ఆ లాభాన్ని ఇద్దరికీ పంచుతుంది. ఏదైనా ఒకటి ఎంచుకుని అన్ని డిజైన్లకీ అదే వాడండి. రీసైకిల్ సరుకు వాడినందుకోసారి, రీసైక్లింగ్‌కి పంపినందుకోసారి పూర్తి లాభం రెండుసార్లు రాసుకుంటే అది మోసపు లెక్క. పద్ధతి మారిస్తే గెలిచే డిజైన్ మారుతోందా అని కూడా తప్పకుండా చూడండి.

లోహాల దగ్గర ఈ దశ బలంగా పనిచేస్తుంది. అల్యూమినియం రీసైకిల్ చేస్తే ఖనిజం నుంచి తీసేదాంతో పోలిస్తే సుమారు 5 శాతం శక్తి చాలు. గాజు అలా కాదు, పగిలిన గాజైనా కొలిమిలో దాదాపు 1500 డిగ్రీల్లో కరగాల్సిందే. అందుకే ముక్కల వాటా ప్రతి 10 శాతం పెరిగితే ఆదా అయ్యే శక్తి 2.5 నుంచి 3 శాతం మాత్రమే.

కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్ గురించి జాగ్రత్త. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 కోరేది పారిశ్రామిక కంపోస్టింగ్ పరిస్థితుల్లో 12 వారాల్లో ముక్కలవడం, 6 నెలల్లో 90 శాతం జీవ విచ్ఛిన్నం. అలాంటి యూనిట్ అందుబాటులో లేని చోట ఆ గుర్తుకి అర్థం లేదు. కాగితం లాంటివి చెత్తగుట్ట అడుగున గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 27 రెట్లు వేడి పెంచుతుంది.

8. మళ్లీ వాడే ప్యాక్ అయితే ఎన్నిసార్లో తేల్చండి

"50 సార్లు వాడొచ్చు" అని సప్లయర్ చెప్పేది దాని మన్నిక. మీకు కావలసింది అది నిజంగా ఎన్నిసార్లు తిరిగొస్తుందని. తిరిగొచ్చే శాతం తెలిస్తే సగటు వాడకం తెలుస్తుంది: 100ని, తిరిగిరాని శాతంతో భాగించండి. 80 శాతం తిరిగొస్తే 5 సార్లు, 90 అయితే 10, 95 అయితే 20. 90 నుంచి 95కి పెంచితే ప్యాక్ తయారీ భారం సగమవుతుంది. అక్కడ గోడ మందం తగ్గించడం కన్నా డిపాజిట్ పద్ధతి మీద పెట్టిన శ్రద్ధే ఎక్కువ ఫలిస్తుంది. కడగడానికి పట్టే వేడినీళ్లు, వెనక్కి తెచ్చే దూరం కూడా కలపడం మరవకండి.

9. కార్బన్ ఒక్కటే చూసి ఆగొద్దు, అన్నీ ఒకే గంపలో కలపొద్దు

యూరోపియన్ కమిషన్ విధానంలో 16 రకాల ప్రభావాలు లెక్కిస్తారు: వాతావరణం, నీరు, భూమి వాడకం, నీటి వనరుల్లో పోషకాలు పేరుకోవడం వగైరా. వీటి మధ్య తేడా ఎంత ఉండగలదో డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018లో సంచుల మీద ప్రచురించిన అధ్యయనం చూపించింది. మామూలు నూలు సంచి పాలిథీన్ సంచితో సమానం కావాలంటే వాతావరణ ప్రభావం వరకు 52 సార్లు వాడితే చాలు. అన్ని ప్రభావాల్లోనూ సమానం కావాలంటే 7100 సార్లు. ఆ పెద్ద అంకె ఓజోన్ పొర అనే ఒక్క ప్రభావం వల్ల వచ్చింది. పత్రికల్లో మాత్రం ఎక్కువగా ఇలాంటి పెద్ద అంకెలే తిరిగాయి. మీ ఫలితంలో ఇలాంటి వింత అంకె వస్తే అది ఏ దశ నుంచి, ఏ డేటా నుంచి వచ్చిందో తవ్వకుండా నమ్మకండి, కొట్టిపారేయకండి.

చెత్తగా చెల్లాచెదురై కాలవల్లో, సముద్రంలో చేరే ప్లాస్టిక్ హాని మామూలు ఎల్‌సీఏ అంకెల్లో ఇంకా సరిగ్గా కనబడదు. పలచటి చిన్న పౌచ్ కార్బన్ లెక్కలో మెరుగ్గా వచ్చి, ఎవరూ ఏరని చెత్తగా మిగలొచ్చు. నా ఉద్దేశంలో ఈ విషయం ఎల్‌సీఏ పక్కన విడిగా రాసి, నిర్ణయం తీసుకునేవాళ్ల ముందు పెట్టాలి.

10. కుదిపి చూడండి, తర్వాత నిర్ణయించండి

ఊహించినవి అని గుర్తు పెట్టిన అంకెలన్నీ ఒక్కొక్కటిగా పెంచి, తగ్గించి చూడండి. గెలిచే డిజైన్ మారకపోతే టెన్షన్ లేదు, ముందుకు వెళ్లండి. మారితే ఆ ఒక్క అంకె కోసమే సప్లయర్ వెంటపడండి, అన్నిటి కోసం కాదు. రెండు డిజైన్ల మధ్య తేడా 5, 10 శాతమే ఉంటే, ముతక డేటాతో అది తేడా కింద లెక్కకాదు. సమానమనే చెప్పండి, ఖర్చు, వాడకంలో సౌకర్యం చూసి ఎంచుకోండి.

డిజైన్ బజారులోకి వెళ్లాక ఆరు నెలలకి అదే షీటు మళ్లీ తెరవండి. లైన్ మీద వస్తున్న అసలు బరువు, పగిలినవాటి శాతం, తిరిగొచ్చిన ప్యాక్‌లు, ఖాళీ పౌచ్‌లో మిగిలిన సబ్బు, ఈ నాలుగూ కొత్తగా వేయండి. తర్వాతి మార్పు ఎక్కడ చేయాలో ఆ షీటులోనే ఉంటుంది.